పథ్యం గారి పేగు ఎన్ని మూరలు

కుట్టుమిషన్లు బాగుచేసేవాళ్ళు లోకంలో బోలెడుమంది ఉన్నారు గానీ, మిషన్ దగ్గితే అది పొడిదగ్గో కఫం దగ్గో చెప్పగలిగినవాడు ఒక్కడే. షెడ్డు గుమ్మంలో చెప్పులు విప్పుతూనే, "మూడో వరసలో కిటికీ పక్క మిషన్‌కి బాబిన్ కేసు అరిగింది, చూసుకోండి" అనేవాడు. వెళ్ళి చూస్తే అరిగే ఉండేది. ఒకసారి ఫోన్‌లో మిషన్ చప్పుడు విని, సూది ఎటువైపు వంగిందో వేలితో చూపించాడని కూడా చెబుతారు. ఫోన్‌లో వేలెలా చూపిస్తాడని అడిగేవాళ్ళకి ఈ కథ పనికిరాదు, వాళ్ళు వెళ్ళి వేరే పని చూసుకోవచ్చు.

అంత గొప్ప చెవి ఉన్న ఆ మెకానిక్‌కి పొట్ట దగ్గరే వచ్చింది చిక్కు. మాంసం తినడు, చేప తినడు, గుడ్డు ముట్టడు. ఎందుకు తినవని అడిగితే ముప్పై రకాల జవాబులు సిద్ధంగా ఉండేవి, ఎదుటివాడి మొహాన్ని బట్టి ఒకటి తీసి ఇచ్చేవాడు. అసలు జవాబు మరీ చప్పగా ఉంటుందని ఎవరికీ చెప్పేవాడు కాదు. చిన్నప్పటి నుంచీ తినలేదు, నడిమి వయసులో కొత్తగా మొదలుపెట్టబుద్ధి కాలేదు, అంతే.

ఉన్న ఊళ్ళో కూర్చుంటే ఇది పెద్ద విషయం అయ్యేది కాదు. కంపెనీ అతణ్ణి ఇరవై రెండేళ్ళుగా ఊరూరా తిప్పుతోంది. కొత్త ఊళ్ళో హోటలుకి వెళ్ళి మాంసం లేనిదేముందని అడిగితే, "ముక్కలు తీసేసి పులుసు పొయ్యమంటారా?" అనేవాళ్ళు. ఇంకోచోట, "ఇందులో ఏమీ లేదు సార్, చేపే" అన్నారు. వాళ్ళతో పోట్లాడే ఓపిక అతడికి రెండో ఏడే అయిపోయింది. బ్రెడ్డు, అరటిపళ్ళు, పెరుగు కొనుక్కుని గదికి వచ్చి, మంచం మీద పాత పేపరు పరుచుకుని, తలుపు వైపు తిరిగి కూర్చుని తినేవాడు. తలుపు వైపు ఎందుకంటే, ఎవరైనా తడితే బాగుండునని. ఎవరూ తట్టేవాళ్ళు కాదు.

అయితే ఈ తిరుగుడులో అతడొకటి కనిపెట్టాడు. ఏ ఊరికి వెళ్ళినా అక్కడివాళ్ళు తిండి కింద జమకట్టని తిండి ఏదో ఒకటి ఉంటుంది. ఒక ఊళ్ళో పుచ్చకాయ ఎర్రగుజ్జు తినేసి తెల్లచెక్కు పెంటకుప్పలో వేస్తుంటే, దాన్ని ముక్కలు కోసి ఉడికిస్తే సొరకాయని మరిపించింది. ఇంకో ఊళ్ళో కాలీఫ్లవర్ కాడల్ని ఆవులకి పారేస్తుంటే, ఆవులతో బేరం పెట్టుకున్నంత పని చేశాడు. ఇవన్నీ సాయంత్రం ఫోన్‌లో చెల్లెలికి చెప్పేవాడు, కాస్త నెయ్యి రాసి.

"ఇవాళ పదకొండు కూరలు పెట్టార్రా చెల్లీ. తినలేక చచ్చాననుకో."

"నిన్న తొమ్మిదన్నావుగా అన్నయ్యా. ఈ లెక్కన వచ్చేవారానికి ఊరు ఊరంతా గరిటెలు పట్టుకుని నీ వెనక పడేట్టున్నారు."

"మరేమనుకున్నావ్ మీ అన్నయ్యంటే!"

"సరేలే. ఆ చప్పుడేంటి, బ్రెడ్డు కాగితమా?"

చెవి వాళ్ళ ఇంటి సొత్తు, అతడొక్కడికే రాలేదు. "కాదు, వాన" అని చెప్పి పెట్టేసేవాడు. బయట ఎండ కాస్తూ ఉండేది.

అలాంటివాణ్ణి కంపెనీ ఒక చొక్కాల ఫ్యాక్టరీకి నలభై రోజుల పని మీద పంపింది. రెండొందల మిషన్లు, విప్పి, కడిగి, నూనె పోసి, మళ్ళీ బిగించాలి. ఫ్యాక్టరీలోనే గది, ఫ్యాక్టరీ క్యాంటీన్‌లోనే భోజనం. వచ్చేవాడి వివరాలు నింపి పంపమని ఒక కాగితం ముందే వచ్చింది. అందులో భోజనం అన్నచోట రెండే రెండు గళ్ళు: మామూలు, పథ్యం. హెడ్డాఫీసు గుమస్తా పెన్ను పట్టుకుని కాసేపు ఆలోచించాడు. ఈ మనిషి మామూలు తినడని లోకమంతటికీ తెలుసు. మామూలు కాకపోతే ఇంకేముంది? రెండో గడిలో టిక్కు పెట్టి, కవరు అంటించి, టీకి వెళ్ళిపోయాడు. గుమస్తా తప్పు కూడా కాదది, మూడో గడి గీయనివాడి తప్పు.

ఆ క్యాంటీన్‌లో నలభై మంది కూర్చునే పొడుగు బల్ల ఒకటుంది. చేతులు కడుక్కునే తొట్టి పక్కన, గోడకి ఆనించి చిన్నబల్ల ఇంకొకటి, దానికి ఒకే కుర్చీ. జ్వరం పడి లేచినవాళ్ళు, ఆపరేషన్లయి వచ్చినవాళ్ళు అక్కడ కూర్చోవాలి. మసాలా చూసి నోరూరకుండా కుర్చీని గోడ వైపు తిప్పి పెట్టారు. మొదటి రోజు మధ్యాహ్నం మెకానిక్ లోపలికి రాగానే వంటావిడ ఎదురొచ్చింది. ఫ్యాక్టరీ అంతా ఆవిణ్ణి పెద్దక్క అంటారు. గరిటె పట్టుకుంటే పహిల్వాను గద పట్టినట్టు ఉంటుంది. ఆవిడ తుమ్మితే బియ్యం మూట నుంచి పురుగులు వాటంతటవే వెళ్ళిపోతాయని చెప్పుకుంటారు.

"పథ్యం గారు మీరేనా? రండి, ఇలా కూర్చోండి. మెల్లిగా. మెల్లిగా అన్నానా!"

ఆవిడే చెంగుతో కుర్చీ తుడిచింది. మెత్తగా ఉడికిన అన్నం, పిసికిన సొరకాయ, గోరువెచ్చని నీళ్ళు తెచ్చి పెట్టింది. ఉప్పు లేదు, కారం లేదు, తాలింపు జాడే లేదు. మెకానిక్ రెండు ముద్దలు తిని గోడని చూశాడు. గోడ అతణ్ణి చూసింది. మాంసం తినకపోతే ఉప్పు కూడా తినరనుకున్నారేమో, కొత్త చోటు, మొదటి రోజే వంకలెందుకని ఊరుకున్నాడు. పైగా కంచం పూర్తయ్యేదాకా ఆవిడ పక్కనే నిలబడింది. తను తింటుంటే ఎవరైనా చూసి ఎన్నేళ్ళయిందో లెక్కవేద్దామని చూసి, లెక్క అందక మానేశాడు.

మూడో రోజు కటింగ్ మాస్టరు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. మెడలో టేపు, చెవి వెనక పెన్సిలు. తన టేపుకి అందనిది భూమ్మీద లేదని అతడి నమ్మకం.

"అడగొచ్చో లేదో గానీ, పేగు ఎన్ని మూరలు తీశారండీ?"

"ఎవరిది?"

"మీదే!"

అప్పటికి గానీ విషయం బోధపడలేదు. మెకానిక్ పకపకా నవ్వి, అసలు సంగతి చెప్పడానికి నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే పెద్దక్క గోరువెచ్చని నీళ్ళ గ్లాసుతో వచ్చి, "పొట్ట పట్టుకుని అలా నవ్వకండి బాబూ, కుట్లు ఊడతాయి" అని వీపు మీద చెయ్యి వేసింది. బరువైన చెయ్యి, తడి చెయ్యి. తెరిచిన నోరు నీళ్ళు తాగి మూసుకుంది. రేపు చెబుదాంలే అనుకున్నాడు.

రేపు అనేది మహా సాగే గుణమున్న గుడ్డ. ఈలోగా పేగు కథ ఫ్యాక్టరీ అంతా తిరిగింది. కటింగ్‌లో మూరెడున్న పేగు కాలర్ల సెక్షన్ చేరేసరికి గజమైంది. ఓవర్‌లాక్‌వాళ్ళు మిగిలిన కొసకి పోగులూడకుండా అంచు కుట్టారన్నారు. ఇక బొత్తాల సెక్షన్ వాళ్ళయితే ఏకంగా పొట్టకి బొత్తాలు పెట్టారని, ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పి చూసుకోవచ్చని తేల్చేశారు. మెకానిక్ మిషన్ కింద పడుకుని పనిచేస్తుంటే, చొక్కా పైకి లేస్తుందేమోనని ఇద్దరు ముగ్గురు వంగి చూసి వెళ్ళేవాళ్ళు కూడా. దగ్గరికి మాత్రం ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. జబ్బు మనిషిని అలసిపోనివ్వకూడదట. పొడుగు బల్ల దగ్గర నవ్వులు పగిలిపోతుంటే, అతడు వీపుతో వినేవాడు. ఎవరు ముందు నవ్వారో, ఎవరు నవ్వు నటించారో, ఎవరి కుర్చీ కాలు పొట్టిదో అతడికి చూడకుండానే తెలుసు. వాళ్ళ పక్కన ఒక్క పూట కూర్చోవడం ఎలా ఉంటుందో తెలియదు.

పదో రోజుకి పిసికిన సొరకాయ కలలోకి రావడం మొదలుపెట్టింది. ఆవేళ వంటగది గుమ్మం పక్కన గంప నిండా ముల్లంగి ఆకులు, గుమ్మడి తీగ చివుళ్ళు కనిపించాయి.

"ఇవేం చేస్తారు పెద్దక్కా?"

"ఏం చేస్తాం, మేకలకి వేస్తాం."

"అవి వండకూడదా?"

"మేకలకి వండి పెట్టేదేంటయ్యా?"

"నాకు."

ఆవిడ అనుమానంగా చూసింది. అక్కడ అతడి నాలుక జారింది. "డాక్టరు ఆకులు బాగా తినమన్నాడు" అనేశాడు.

అంతే, అబద్ధానికి కాళ్ళొచ్చాయి. పెద్దక్క ముల్లంగి ఆకు వండింది, గుమ్మడి చివుళ్ళు వండింది. చిక్కుడు ఆకు, బీట్‌రూట్ ఆకు, గోడ వెంట కలుపులా మొలిచే గలిజేరు, తన వీధి కాలవ గట్టున జిగురుగా ఉండే ఇంకేదో ఆకు. దానికి ఆవిడ దగ్గర కూడా పేరు లేదు. "మా అమ్మమ్మ కరువు రోజుల్లో వండేది, తర్వాత ఎవరూ తినలేదు, నీ పుణ్యమా అని మళ్ళీ గుర్తొచ్చింది" అంది. "మీరు" ఎప్పుడో "నువ్వు" అయిపోయింది. రోజూ ఒక ముద్ద తనూ నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, "ఇది వగరు", "ఇది పులుపు దాచుకుంది, చూశావా?" అనేది. ఉప్పు లేకపోతే ఆకు తన మాట తనే చెప్పుకుంటుందని మెకానిక్‌కి మొదటిసారి తెలిసింది. ఇరవై రెండేళ్ళలో అతడు ఒంటరిగా కనిపెట్టినవాటి కంటే ఆ పాతిక రోజుల్లో ఇద్దరూ కలిసి కనిపెట్టినవి ఎక్కువ.

ఆ సాయంత్రాల్లో చెల్లెలితో, "ఇవాళ ఒకే కూర" అనేవాడు. చెల్లెలు వెంటనే, "ఒంట్లో బాగుందా అన్నయ్యా?" అని అడిగేది.

ఒకరోజు కంచం తీస్తూ పెద్దక్క తన సంగతి చెప్పింది. వాళ్ళాయనకీ కడుపులోనే జబ్బు. పదకొండు నెలలు ఈ చేత్తోనే పథ్యం వండి పెట్టింది. ఉప్పు డబ్బా తాళం వేసి, తాళంచెవి నడుముకి కట్టుకుంది. "ఒక్క ఉప్పురాయి ఇవ్వవే, నాలుక మీద పెట్టుకుని ఊసేస్తా అనేవాడు. ఇవ్వలేదు. డాక్టరు వద్దన్నాడుగా." ఆయన చిక్కి చిక్కి, చొక్కా ఒక్కటే మిగిలినట్టయి, ఐదేళ్ళ కింద పోయాడు. జబ్బువాళ్ళకి పెద్దక్క చెయ్యి అచ్చిరాదని ఎవరో అన్నారట. ఎవరన్నారో చెప్పలేదు. "నువ్వు మాత్రం ఒళ్ళు చేస్తున్నావ్" అంది. అనడంతో ఆగలేదు. మర్నాడు కటింగ్ మాస్టరు మెడలోంచి టేపు లాగి, అందరి ముందూ మెకానిక్ నడుము కొలిచి, "రెండంగుళాలు పెరిగాడు! చూశారా నా చెయ్యి!" అని గరిటెతో బల్ల మీద కొట్టింది. నలభై మంది చప్పట్లు కొట్టారు. మెకానిక్ కూడా కొట్టాడు, ఏం చెయ్యాలో తోచక.

ఇక చెప్పడం ఎలా? చెబితే రెండంగుళాలు ఆవిడవి కాకుండా పోతాయి. ఇంకొన్ని రోజులు ఓపిక పడితే పని అయిపోతుంది, బస్సెక్కి వెళ్ళిపోతాడు, ఆవిడ గెలుపు ఆవిడకి ఉండిపోతుంది. చాలా చక్కగా ఉంది ఆలోచన. ముప్పై ఆరో రోజు దాకా చక్కగానే ఉంది.

ఆ రోజు పెద్దక్క ఇస్త్రీ సెక్షన్ ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. మనిషి పసుపుపచ్చగా ఉన్నాడు, నడుము వంచి, కడుపు మీద చెయ్యి పెట్టుకుని నడుస్తున్నాడు.

"చూడు, ఈయనే. గజం పేగు పోయినా ఎలా ఉన్నాడో చూడు. ఎల్లుండి కోయించుకుంటానంటావేంటి పిచ్చోడా? నలభై రోజులు నా దగ్గర తిను."

ఇస్త్రీ ఆయన మెకానిక్ మొహంలోకి చూశాడు. ఆ చూపు చీకట్లో స్విచ్చు తడుముకుంటున్నట్టు ఉంది. "అన్నా, నిజంగా ఈ ఆకులతోనే తగ్గిందా? నాకు కోతంటే భయం. నువ్వు చెప్పు, మానేస్తా. నీ మాట మీదే ఉన్నా."

పొడుగు బల్ల మీద గిన్నెల చప్పుడు ఆగింది. మెకానిక్ గోడ వైపు చూశాడు. ముప్పై ఆరు రోజులుగా చూస్తున్న గోడ, సాయం చెయ్యలేదు.

"ఆపరేషన్‌కి వెళ్ళు తమ్ముడూ" అన్నాడు. "నాకే జబ్బూ లేదు. ఎప్పుడూ లేదు. నేను మాంసం తినను, అంతే. కాగితంలో తప్పు గడిలో టిక్కు పడింది."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. కటింగ్ మాస్టరే తేరుకుని, "మరి పేగు?" అన్నాడు.

"మొత్తం ఉంది."

"మొత్తమూనా?" అన్నాడు మాస్టరు, మోసపోయినట్టు.

పెద్దక్క చేతిలో గరిటె కిందికి దిగింది. "డాక్టరు ఆకులు తినమన్నాడన్నావే?"

"అబద్ధం చెప్పాను."

"మా ఆయన సంగతి చెబుతుంటే వింటూ కూర్చున్నావు. నడుము కొలుస్తుంటే నిలబడ్డావు. చప్పట్లు కూడా కొట్టావు." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "అసలు నువ్వు ఉప్పూ కారం తినే మనిషివేనా?"

ఆ మాటకి తల దించుకుని ఊరుకోవాలి. కానీ కంగారులో మెకానిక్‌కి అది ప్రశ్నలాగే వినిపించింది.

"ముప్పై ఆరు రోజులుగా తినట్లేదు పెద్దక్కా" అన్నాడు, ఉన్నది ఉన్నట్టు.

బొత్తాల సెక్షన్ నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. అది పాకింది. నలభై మంది కడుపులు పట్టుకుని, బల్ల మీద తలలు వాల్చి నవ్వారు. ఇస్త్రీ ఆయన కూడా నవ్వబోయి, నొప్పికి ఆగాడు. పెద్దక్క ఒక్కతే నవ్వలేదు. వంటగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. ఆ తలుపు మూసి ఉండటం అంతకుముందు ఎవరూ చూడలేదు.

మర్నాడు చిన్నబల్ల దగ్గర కుర్చీ లేదు. "రండి రండి, నిండుపేగు గారూ!" అని కటింగ్ మాస్టరు పొడుగు బల్ల దగ్గర జరిగి చోటిచ్చాడు. మెకానిక్ కూర్చున్నాడు. అటు పక్క మనిషి మోచెయ్యి, ఇటు పక్క మనిషి మోచెయ్యి తగులుతున్నాయి. ఇన్నాళ్ళూ కావాలనుకున్నది ఇదే. పెద్దక్క వచ్చి అందరికీ పెట్టినట్టే కంచం పెట్టి, మొహం చూడకుండా వెళ్ళిపోయింది. రోగం లేనివాడికి మామూలే. అన్నం మీద మాంసం కూర ముందే పోసి ఉంది. నడిమధ్యన.

అతడు అంచుల వెంట తెల్లగా మిగిలిన అన్నం వేళ్ళతో ఏరుకుని తిన్నాడు. బల్ల మీద ఉప్పు గిన్నె ఉంటే చిటికెడు కలుపుకున్నాడు. చుట్టూ ఎవరి పెళ్ళి గురించో, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో, దారం రంగు మారినందుకు ఎవరు తిట్లు తిన్నారో మాటలు నడుస్తున్నాయి. ఆ పేర్లలో ఒక్కటీ అతడికి తెలియదు. ఇన్నాళ్ళూ వాళ్ళు అతణ్ణి అడిగింది పేగు గురించే, ఇప్పుడు అది ఉందని తేలింది కాబట్టి అడగడానికేమీ మిగల్లేదు. రెండో రోజూ అంతే. మూడో రోజు బ్రెడ్డు కొనుక్కుని గదికి పోయాడు. బల్ల దగ్గర అతడి చోటు ఎవరూ ఉంచలేదు, ఎవరో తీసుకున్నట్టూ కాదు, అందరూ కాస్త కాస్త సర్దుకుంటే అది పూడిపోయింది.

ఇస్త్రీ ఆయన మాత్రం ఆసుపత్రికి వెళ్ళాడు. నలభయ్యో రోజు పొద్దున కబురొచ్చింది, కోత అయిపోయిందని, మంచం మీద కూర్చుని నర్సులతో పోట్లాడుతున్నాడని.

ఆ రోజు చివరి మిషన్ బిగించేసరికి మధ్యాహ్నం భోజనాలు ముగిసిపోయాయి. మెకానిక్ చేతుల నూనె కడుక్కోవడానికి క్యాంటీన్ తొట్టి దగ్గరికి వచ్చాడు. పెద్దక్క పొడుగు బల్ల తుడుస్తోంది. అతణ్ణి చూసి తుడవడం ఆపలేదు. ఆ చివర నుంచి ఈ చివరకి తుడుచుకుంటూ వచ్చి, అతడి దగ్గర ఆగింది.

"సాయంత్రం బస్సేనా?"

"అవును పెద్దక్కా."

"వాడు బతికాడు. విన్నావా?"

"విన్నాను."

గుడ్డ పిండింది. మళ్ళీ పిండింది. నీళ్ళు రావడం ఎప్పుడో ఆగిపోయినా పిండుతూనే ఉంది.

"ఒక్కటి అడుగుతా. ఈసారైనా నిజం చెప్పు. నేను పథ్యం వండింది పూర్తిగా తిన్నవాళ్ళు ఇద్దరే. ఆయన్ని అడిగితే బాగుందే అనేవాడు. నువ్వు జబ్బు లేని నాలుకతో తిన్నావు. నీకు తెలుస్తుంది." ఆవిడ అతడి మొహంలోకి చూసింది, నాలుగు రోజుల తర్వాత మొదటిసారి. "ఎలా ఉండేది?"

మెకానిక్ దగ్గర ముప్పై జవాబులున్నాయి. ఒక్కదాన్నీ తియ్యలేదు.

"మొదట్లో తినలేకపోయేవాణ్ణి" అన్నాడు. "గొంతు దిగేది కాదు. గోడ చూస్తూ మింగేవాణ్ణి. ఆకులొచ్చాక కాస్త నయం."

పెద్దక్క తలాడించింది. ఆ మాట కోసమే ఐదేళ్ళుగా నిలబడి ఉన్నట్టు, పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

"కానీ ఎప్పుడూ వేడిగా ఉండేది పెద్దక్కా" అన్నాడు. "ఒక్కరోజు కూడా చల్లారింది పెట్టలేదు. నువ్వు పక్కనే నిలబడేదానివి."

"అదేముంది" అంది ఆవిడ. "వేడిగా పెట్టడం కూడా ఒక వంటేనా?"

మెకానిక్ తడిచేతులు చొక్కాకి తుడుచుకుని, ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. బస్సుకి ఇంకా రెండు గంటలుంది. ఇద్దరి మధ్యా బల్ల ఖాళీగా, తడిగా ఉంది. ఆవిడ వెళ్ళమనలేదు.